బోర్డు మీద రాయని అంకె

ఆ యేటి వానాకాలం చివర, నలభై రోజుల లోపల, మా ల్యాబ్ కిటికీ అద్దం మూడుసార్లు పగిలింది. మొదటి రెండుసార్లు తప్పు పగలగొట్టిన వారిదేనని అప్పుడు అన్నాను, ఇప్పుడూ అంటాను. మూడవసారి సంగతి వేరు. ఆ రోజు అద్దంతో పాటు నా కుడి మణికట్టు విరిగింది. ఒకతని పై పళ్లు రెండు రాలిపోయాయి. కదపకూడని ఒక స్త్రీని చంకల కింద చేతులు వేసి మంచం మీది నుండి నేలకు ఈడ్చారు. ఇంత హింసకూ మూలం నా చేతిరాత. కనుక జనం తలా ఒక తీరున చెప్పుకోవడం కంటె, నేనే వరుస తప్పకుండా రాసిపెట్టడం మేలని తోచింది.

ముప్పై ఆరు సంవత్సరాలు ప్రభుత్వ ఆసుపత్రులలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. గద్వాలలో చేరాను, నాగర్‌కర్నూల్‌లో ఎక్కువ కాలం ఉన్నాను. విరమణ తరువాత వనపర్తిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కుదిరాను. పన్నెండు మంచాలు, ఒక వరండా, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, నేను. నా బల్ల మీద రక్తపు గొట్టాలు వచ్చిన వరుసలోనే నిలబడాలి. ఊదారంగు మూత గొట్టాల నడుమ ఎర్ర మూత గొట్టం నిలబడరాదు. చీటీ అతికించని గొట్టాన్ని నేను ముట్టను. చాదస్తమని అనుకునేవారు అనుకోవచ్చు. ఒకరి రక్తాన్ని మరొకరి పేర చదివిన రోజు నా ఉద్యోగంలో లేదు.

ఆ యేడు డెంగీ ఊళ్ల మీద విరుచుకుపడింది. మంచాలు నిండిపోయి వరండాలో చాపలు పరిచాము. రోగి ఒక్కడు వస్తే వెంట ఆరుగురు వచ్చేవారు. ఆ ఆరుగురికీ కావలసింది ఒక్కటే, ప్లేట్‌లెట్లు ఎన్ని అని. రక్తం గడ్డకట్టడానికి పనికివచ్చే ఆ కణాలు డెంగీలో పడిపోతాయి. ఆ సంగతి మా జిల్లాలలో టీ కొట్టు దగ్గర కూర్చున్నవారికి కూడా తెలుసు. పడిపోయిన సంఖ్య చూసి మనిషి పోతాడని లెక్క కట్టడం తప్పని మాత్రం చాలా మందికి తెలియదు.

మొదటిసారి అద్దం పగిలింది ఒక తండ్రి చేతిలో. తన కొడుకు రిపోర్టు కంటె వెనుక వచ్చినవాడి రిపోర్టు ముందు ఇచ్చానని ఆయన నెత్తిమీది హెల్మెట్ తీసి కిటికీ మీద కొట్టాడు. నిజానికి వెనుక వచ్చిన గొట్టం నిన్నటిది, మిషన్‌లో మళ్లీ పెట్టవలసి వచ్చింది. అది వివరించే లోపల గాజు ముక్క ఒకటి నా బల్ల మీది గొట్టాల నడుమ వచ్చి నిలుచుంది. రెండవసారి ఇద్దరు బావమరుదులు ఒకే కాగితం కోసం కిటికీలో చేతులు పెట్టి పెనుగులాడారు. చిన్నవాడు పెద్దవాడి మెడ పట్టి ముందుకు తోశాడు. నుదురు అద్దంలో నుండి లోపలికి వచ్చింది. ఆ నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తుండగా కూడా ఆ మనిషి, "ముందుగాల మా అక్క కొడుకుది చెప్పుర్రి, ఎంతున్నది?" అని అడుగుతూనే ఉన్నాడు.

మరునాడు నేను బజారు నుండి ఒక నల్లబోర్డు తెప్పించి వరండాలో వేలాడదీయించాను. పొద్దున ఎనిమిది గంటలకు ఒకసారి, సాయంత్రం నాలుగు గంటలకు ఒకసారి అందరి అంకెలూ దాని మీద రాస్తానని, ఈ మధ్యలో కిటికీ తెరవబోనని చెప్పాను. డాక్టరు ఒప్పుకున్నాడు. ఆయన వయసులో నాకంటె చాలా చిన్నవాడు, నన్ను 'పెద్దసారు' అనేవాడు.

మొదటి రోజు నేను గీసినవి మూడు గళ్లు. మంచం నంబరు, ప్లేట్‌లెట్లు, పీసీవీ. ఈ పీసీవీ ఏమిటో ఇక్కడే చెప్పాలి, లేకపోతే తరువాతి కథ అర్థం కాదు. రక్తంలో నీరు ఉంటుంది, కణాలు ఉంటాయి. నూరు పాళ్ల రక్తంలో కణాలు ఎన్ని పాళ్లో చెప్పే అంకె అది. డెంగీలో ప్రమాదం జ్వరం కాదు, జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులు. కొందరికి ఆ సమయంలో రక్తనాళాల గోడలు జల్లెడ అవుతాయి. నీరు బయటికి కారిపోయి కడుపులో, ఛాతీలో చేరుతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ముప్పై ఆరు ఉన్న పీసీవీ నలభై నాలుగుకు ఎగబాకిందంటే మనిషి లోపల ఎండిపోతున్నాడని అర్థం. ప్లేట్‌లెట్లు ఇరవై వేలు ఉన్నవాడు లేచి తిరుగుతుండవచ్చు, అరవై వేలు ఉన్నవాడు గంటలో కుప్పకూలవచ్చు. ఎవరు కూలతారో ముందుగా చెప్పే అంకె ఆ పీసీవీయే.

మొదటి రోజే ఒక ముసలామె ఆ మూడవ గడిలో ముప్పై ఎనిమిది చూసి, తన మనుమరాలికి ముప్పై ఎనిమిది కణాలే మిగిలాయని గుండెలు బాదుకొని నేల మీద దొర్లింది. ఆమెను చూసి మరో ఇద్దరు శోకాలు మొదలుపెట్టారు. ఎవరు చెప్పినా వినలేదు. నేను తడిగుడ్డతో ఆ మూడవ గడి తుడిచివేశాను. ఒక్క అంకె ఉంటే ఒక్క ప్రశ్న ఉంటుంది, గొడవ ఉండదు అనుకున్నాను. పీసీవీ డాక్టరు చూసుకునే కేస్ షీటులో ఉంటుంది, అది చాలు.

పదిహేను రోజులు నేను అనుకున్నట్లే జరిగింది. కిటికీ జోలికి ఎవరూ రాలేదు. ఎనిమిది కొట్టేసరికి బోర్డు ముందు గుంపు చేరేది.

"మీది ఎంతన్నా?"

"ముప్పై రెండు. నిన్న ఇరవై తొమ్మిదుండె."

"మాది ఇరవై నాలుగే. బొప్పాయాకు రసం పోస్తలేరా మీరు?"

"పోసినం. తాగినంత కక్కిండు."

"కక్కినా లోపల జరంత ఉంటది తియ్యి."

లోపల బల్ల దగ్గర కూర్చుని ఈ మాటలు వింటూ, క్రమశిక్షణ అంటే ఇది అని సంతోషించాను. వాళ్లు ఆ బోర్డును బడిలో మార్కుల పట్టికలా చదువుతున్నారని, ఎక్కువ వచ్చినవాడు పాసు, తక్కువ వచ్చినవాడు ఫెయిలు అని మనసులో గీత గీసుకున్నారని నాకు తట్టలేదు.

నాలుగవ నంబరు మంచంలో గద్వాల నుండి వచ్చిన ఒక చేనేత స్త్రీ ఉండేది. ముప్పై ఏళ్లు ఉంటాయి. గద్వాలలో మంచాలు దొరకక, వనపర్తిలో ఉన్న మేనత్త మాట మీద ఇక్కడికి తెచ్చారు. భర్త ఒక్కడే తోడు. నూలు పోగులకు పట్టు పోగులు ఒక్కొక్కటిగా అతకడం ఇంట్లో ఆమె పని. నేను సూదితో పోయినప్పుడల్లా చెయ్యి చాపి, "ఓ సారూ, మా ఇంట్ల పోగు తెగితే నేనతుకుత. నువ్వు దినాం నా నరం తెంపుతున్నవ్, దీన్ని ఎవరతుకాలె?" అనేది. ఆమె మాటకు నేను నవ్వలేదు. పనిలో నవ్వడం నాకు అలవాటు లేదు.

చేరిన ఐదవ రోజు పొద్దున నేను ఆమె రక్తం తీయడానికి పోయేసరికి భర్త ముఖం వెలిగిపోతున్నది.

"సారూ, జరం ఇడిసింది. ఒళ్లు సల్లగైంది. ఇంక బతికినం!"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగానే ఉంది, కాని అది జ్వరం తగ్గిన చల్లదనం కాదు, చెమట పట్టిన చల్లదనం. ఆమె ఆ రోజు పోగుల మాట అనలేదు. "కడుపుల నొస్తుంది సారూ" అని గోడ వైపు తిరిగింది.

మిషన్‌లో పెట్టాను. ప్లేట్‌లెట్లు అరవై నాలుగు వేలు. పీసీవీ నలభై నాలుగు. చేరిన రోజు ముప్పై ఆరు, నిన్న సాయంత్రం ముప్పై తొమ్మిది. మళ్లీ పెట్టాను, మళ్లీ నలభై నాలుగే వచ్చింది. కేస్ షీటులో ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను. నర్సుకు చెప్పాను. వారంలో రెండు రోజులు డాక్టరు పొద్దున నాగర్‌కర్నూల్‌లో రోగులను చూసి వచ్చేవాడు, ఆ రోజు అటువంటిదే. ఫోను చేశాను.

"పెద్దసారూ, సెలైన్ పెంచమనండి. పావుగంటకొకసారి బీపీ చూడాలి. ఆమెను మంచం మీద నుండి కదపనీయొద్దు, బాత్రూముకు కూడా. నేను బయల్దేరుతున్నా" అన్నాడు.

అప్పుడు గోడ గడియారం ఎనిమిది కొట్టింది. ఎనిమిదికి బోర్డు రాయాలి. నేను సుద్దముక్క తీసుకొని పోయి, నంబరు తప్పకుండా, గీత వంకర పోకుండా అన్నీ రాశాను. నాలుగవ నంబరుకు ఎదురుగా 64,000. ఆ రోజు బోర్డు మీద అన్నిటికంటె పెద్ద అంకె అదే. అన్నిటికంటె చిన్నది పదిహేడవ నంబరు చాప, 18,000.

ఆ చాప మీద ఉన్నది అచ్చంపేట దగ్గరి ఒక రైతు కుటుంబంలో మూడవవాడు. డాక్టరే అతడిని నాగర్‌కర్నూల్‌లో చూసి ఇక్కడికి పంపాడు. వెంట ఇద్దరు అన్నలు వచ్చారు. అతనికి జ్వరం పోయి రెండు రోజులైంది. పీసీవీ మూడు రోజులుగా నలభై దగ్గర కదలకుండా ఉంది. ఆకలి పుట్టింది. గండం గడిచి గట్టుకు చేరినవాడు. ప్లేట్‌లెట్లు తరువాత మెల్లగా లేస్తాయి, తొందర లేదు. ఇదంతా నాకు తెలుసు, నర్సుకు తెలుసు. బోర్డుకు తెలియదు.

పెద్దన్న బోర్డు కింది నుండి పైకి చదివాడు. మెడలో తువ్వాలు, ఎడ్లను అదిలించే గొంతు.

"అరే, నాలుగో నెంబరుకు అరవై నాలుగు వేలంట. మనోనికి పద్దెనిమిది. అరవై నాలుగోళ్లు పరుపు మీద, పద్దెనిమిదోళ్లు బండల మీదనా? గిదేం దవాఖాన?"

"నాకేం గాలే అన్నా. ఇడ్లీలు తిన్న. ఇంక రెండు తేపో" అన్నాడు చాప మీదివాడు.

"నువ్వు నోరు మూస్కో. పద్దెనిమిదికి మాటలెక్కువైనయి."

గుంపులో ఎవరో, "నిజమే కద, లెక్క బోర్డు మీదనే ఉన్నది" అన్నారు. మరొకరు, "మంచిగైనోళ్లు లేచి జాగ ఇయ్యాలె. గంత కూడా తెల్వదా?" అన్నారు. నాలుగవ మంచం మీద ఉన్న మనిషిని ఒక్కరూ చూడలేదు. అందరూ ఆమె అంకెనే చూశారు.

ఆమె భర్త అప్పటికే కొబ్బరిబోండాలకు బయటికి పోయాడు. అన్నలిద్దరూ వార్డులోకి వచ్చారు, వెనుక మరో నలుగురు. అడ్డం వచ్చిన నర్సును రెండవవాడు భుజంతో తోశాడు. ఆమె తల ఆక్సిజన్ సిలిండరుకు తగిలింది. ఆ చప్పుడు నాకు ల్యాబ్‌లోకి వినిపించింది. కేస్ షీటు తగిలించిన రేకు అట్ట చేతిలో ఉండగానే పరుగెత్తాను.

"ఆమెను ముట్టుకోవద్దు. ఆమె రక్తం చిక్కబడింది, ప్రాణాపాయంలో ఉంది" అన్నాను.

పెద్దవాడు నా వైపు జాలిగా చూశాడు. "చిక్కగైతే మంచిదే కద సారూ! మావోనిది నీళ్లైంది, గందుకే పండిండు."

"చిక్కబడడం మంచిది కాదు. నీరు కారిపోయి..."

"బోర్డు మీద రాసింది నువ్వే కద?"

"నేనే."

"అరవై నాలుగు అని నీ చేతుల్తోనే రాసినవ్ కద? పొద్దుగాల్ల ఒక తీరు రాసి, గిప్పుడు ఒక తీరు చెప్తే ఎవడు నమ్మాలె? ఆమె మీకు ఏమైనా సుట్టమా?"

పదిహేను రోజులు ఆ అంకెను నమ్మమని నేర్పినవాణ్ణి నేను. అతడు నేర్చుకున్న పాఠాన్ని నాకే అప్పజెప్పాడు.

పెద్దవాడు ఆమె చంకల కింద చేతులు వేశాడు, రెండవవాడు కాళ్లు పట్టాడు. ఆమె కళ్లు తెరిచి, "వద్దన్నా, నొస్తుంది, జర ఆగు" అన్నది. ఎత్తారు. సెలైన్ గొట్టం బిగుసుకొని, ముంజేతిలోని సూది ప్లాస్టరుతో సహా ఊడివచ్చింది. రక్తం మంచంపట్టె మీద, పెద్దవాడి చొక్కా మీద పడింది. నల్లగా, మందంగా, జారడానికి ఇష్టం లేనట్లు పడింది. వాళ్లు ఆమెను మంచం పక్కన గచ్చు మీద దించారు. దించారనడం మర్యాద. తల నేలకు కొట్టుకుంది.

మొదటి దెబ్బ నేనే కొట్టాను. ఈ విషయం దాచను. రేకు అట్ట అంచుతో పెద్దవాడి చెవి మీద బలంగా కొట్టాను. చెవి కింది భాగం చీరుకుపోయింది. నా అరవై ఎనిమిదేళ్లలో మనిషిని కొట్టడం అదే మొదలు. కొట్టిన క్షణాన నాలో భయం లేదు, విచారం లేదు, మళ్లీ కొట్టాలనే కోరిక మాత్రమే ఉంది. మళ్లీ ఎత్తాను. రెండవవాడు నా చెయ్యి పట్టి వెనక్కి విరిచి, మంచం ఇనుపపట్టె మీద వేసి కొట్టాడు. ఎండుపుల్ల విరిచినట్లు శబ్దం వచ్చింది. అది నా మణికట్టని తెలియడానికి కొంతసేపు పట్టింది.

"ముసలోడా, నా అన్నను కొడ్తవా? నీ యమ్మ..."

తరువాత దెబ్బలు ఏ వరుసలో పడ్డాయో చెప్పలేను. నా జీవితంలో వరుస చెప్పలేనిది ఆ రెండు మూడు నిమిషాలే. పక్కటెముకల మీద మోకాలు, మెడ మీద పిడికిలి. వరండాలోకి ఈడ్చి నన్ను ల్యాబ్ కిటికీకి ఆనించి తోశారు. అద్దం నా వీపు వెనుక పగిలింది. ఎవరో లోపలికి చొరబడి బల్లను తన్నారు. రక్తాలు లెక్కకట్టే మిషన్ కింద పడింది. దాని వెనుకనే గొట్టాల స్టాండు పడింది. ఆ పొద్దున తీసిన రక్తమంతా, వేరే పరీక్షలకు ఇంకా చదవవలసినది, గచ్చు మీద ఒకే మడుగుగా కలిసిపోయింది.

అది చూసి గుంపు రెండుగా చీలింది. రక్తం పోయింది తమవారిది అని తెలిసినవారు అన్నల మీద పడ్డారు. "మా బిడ్డ రిపోర్టు పారబోసినవ్ కదరా దొంగ కొడుకా!" అని ఒకామె చెప్పు తీసుకొని రెండవవాడి ముఖం మీద ఎడాపెడా కొట్టింది. అద్దం ముక్కల మీద కాళ్లు పడి, అరుపులు పెరిగాయి. అప్పుడే నాలుగవ మంచం ఆమె భర్త గేటులోకి వచ్చాడు. చేతిసంచిలో మూడు కొబ్బరిబోండాలు. వార్డు గుమ్మం నుండి భార్యను చూశాడు. ఎవరని అడగలేదు. చొక్కా మీద రక్తం ఉన్నవాణ్ణి వెతికి, సంచిని గిరగిరా తిప్పి అతని నోటి మీద కొట్టాడు. పెద్దవాడు కూలబడి, రెండు పళ్లు అరచేతిలోకి ఉమ్ముకొని వాటిని చూస్తూ కూర్చున్నాడు. భర్త మళ్లీ సంచి ఎత్తాడు. ఈసారి పడితే తల పగిలేది.

ఆ చెయ్యి పట్టుకున్నది పదిహేడవ నంబరు. చాప మీద నుండి లేచి, ఎవరి సాయం లేకుండా వరండా పొడుగునా నడిచి వచ్చాడు.

"ఆగన్నా, నీ కాళ్లు మొక్కుత. కొడ్తె తర్వాత కొట్టు" అని భర్తతో చెప్పి, తన పెద్దన్న వైపు తిరిగాడు. "ఓ అన్నా, నేను నిలవడ్డ. గామె పడ్డది. నీకు కండ్లున్నయా లేవా? ఎవరికి పరుపు గావాలె?"

నేను చెప్పినప్పుడు వినని మాటను, పద్దెనిమిది వేలవాడు రెండు కాళ్ల మీద నిలబడి చూపించాడు. అతడే వంగి ఆమె భుజాల కింద చెయ్యి పెట్టబోతే, నర్సు నెత్తిమీద రక్తం తుడుచుకుంటూ వచ్చి ఆపింది. దుప్పటి కిందికి తోసి, నాలుగు కొసలూ నలుగురు పట్టి, ఆమెను మంచం మీదికి చేర్చారు. ఒక కొస పట్టినవాడు ఆమెను దించిన రెండవ అన్న.

బీపీ పై అంకె తొంభై, కింది అంకె డెబ్బై ఆరు. రెంటి నడుమ అంత తక్కువ ఎడం ఉందంటే గుండె ఒట్టి గొట్టాలను పిండుతున్నదని అర్థం. నాడి వేలికి దొరకడం లేదు. పెదవులు బూడిద రంగు. నర్సు కుడిచేతిలో సూది పొడిచింది, నరం అంటుకుపోయింది. ఎడమచేతిలో పొడిచింది, దొరకలేదు. ఫోనులో డాక్టరు అరుస్తున్నాడు. "మోచేతి మడతలో చూడమ్మా! రెండు వైపులా పెట్టు! సెలైన్ సీసాను చేత్తో పిండు! నేను బిజినేపల్లి దాటిన!" నాలుగవ పోటుకు నరం దొరికింది. నర్సు సీసాను రెండు చేతులతో పిండింది. ఆమె చేతులు అలసితే భర్త పిండాడు.

నాకు చేయవలసిన పని ఒకటి ఉంది. ఎంత నీరు పోస్తే చాలో, ఎక్కడ ఆపాలో తెలియాలంటే పీసీవీ కావాలి. తక్కువైతే మనిషి పోతుంది, ఎక్కువైతే ఊపిరితిత్తులు నిండి పోతుంది. మిషన్ నేల మీద ఉంది. అలమరలో నేను పాతకాలం నుండి దాచుకున్న సన్నని గాజు నాళికలు, చిన్న సెంట్రిఫ్యూజ్ ఉన్నాయి. మిషన్లు రాకముందు మేము చేసిన పద్ధతి అది. నాళికలోకి రక్తం ఎక్కించి, కొసను మైనంమట్టితో మూసి, అయిదు నిమిషాలు గిర్రున తిప్పితే కణాలు అడుగుకు దిగుతాయి, నీరు పైన తేలుతుంది. స్కేలు పెట్టి కొలవాలి. కుడిచెయ్యి వేలాడుతున్నది. పదిహేడవ నంబరు వచ్చి నాళిక పట్టుకున్నాడు.

"ఎట్ల పట్టాలె సారూ, గిట్లనా?"

"నిట్టనిలువుగా. వణకరాదు."

"వణుకుతలేను. మీరే వణుకుతున్నరు."

నలభై ఎనిమిది. డాక్టరు గుమ్మంలో అడుగుపెడుతుండగా ఆ అంకె చెప్పాను. గంట తరువాత నలభై నాలుగు. మరో గంటకు నలభై ఒకటి. డాక్టరు ప్రతి అంకెకూ చుక్కల వేగం మార్చాడు. ఆయన మంచం పక్క నుండి కదలలేదు. నేను చేతికి అట్టకట్టు కట్టించుకొని ల్యాబ్‌కూ మంచానికీ నడుమ తిరిగాను. గాజుముక్కలు చెప్పుల కింద కరకరలాడుతున్నా ఎవరూ ఊడ్వలేదు.

మధ్యాహ్నం మూడున్నరకు నర్సు వార్డులో నుండి కేక పెట్టింది. "సార్, మూత్రం వచ్చింది! మంచిగ వచ్చింది!" డాక్టరు గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు. పొద్దుటి నుండి రాని మూత్రం వచ్చిందంటే మూత్రపిండాలకు రక్తం అందుతున్నదని అర్థం. ఆమె బతుకుతుందని మాకు తెలిసింది అప్పుడే.

భర్తకు ఆ మాట చెప్పవలసింది నేనని పోయాను. అతడు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. విన్నాడు, తల ఊపాడు.

"సారూ, ఒక మాట అడుగుత. పొద్దుగాల ఎనిమిదింటికి నీకు ఎరికేనా, గామెకు గట్లున్నదని?"

"తెలుసు."

"ఆ రెండో లెక్క గప్పుడే తెల్సా?"

"తెలుసు. నలభై నాలుగు."

"మరి బోర్డు మీద ఎందుకు రాయలే?"

"రెండు అంకెలు రాస్తే జనం గొడవ పడతారని రాయలేదు."

అతడు నా ఎడమ చెంప మీద కొట్టాడు. చెయ్యి తెరిచి, పూర్తి బలంతో, ఒక్కసారి. నేను మంచంపట్టె పట్టుకొని నిలదొక్కుకున్నాను. అతడు తిరిగి పోయి ఆమె కాళ్ల దగ్గర కూర్చొని పాదాలు రుద్దసాగాడు. డాక్టరు చూసి, మళ్లీ సెలైన్ చుక్కల వైపు తిరిగాడు. నేను ల్యాబ్‌కు పోయాను.

అయిదు గంటలకు సబ్-ఇన్‌స్పెక్టరు వచ్చి నా వాంగ్మూలం రాసుకున్నాడు. నేను వరుసగా చెప్పాను. మొదటి దెబ్బ నాది, చెవి మీద.

"సార్, మీరే ముందు కొట్టిన్నని చెప్తే కేసు నిలవడదు" అన్నాడు ఆయన కలం ఎత్తి.

"నిలబడకపోయినా జరిగిన వరుస అది."

"సరే. చేయి, పక్కటెముకలు, వీపు రాసిన. మరి ఈ చెంప వాపు ఎవరిది? వేళ్లు అచ్చు పడ్డయి."

"అది ఈ గొడవలోది కాదు. రాయకండి."

ఆయన గదిలో అందరినీ ఒకసారి చూసి కాగితం మడిచాడు.

ఆమె మరో నాలుగు రోజులు ఉంది. రోజుకు రెండుసార్లు భర్త కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవాడు. పగిలిన చోట అప్పటికి అట్టముక్క బిగించి ఉంది. "రెండూ చెప్పు" అనేవాడు. నేను రెండూ చెప్పేవాణ్ణి. తప్పు విన్నానేమోనని తిరిగి నాకే అప్పజెప్పి పోయేవాడు. క్షమాపణ మాట అతడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరిలో ఎవరు ఎవరిని అడగాలో నాకు ఈనాటికీ తేలలేదు.

నాలుగవ రోజు పీసీవీ ముప్పై ఏడు దగ్గర నిలకడగా ఉంది. ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. డాక్టరు పంపించమన్నాడు. ఆటో గేటు దాకా వచ్చింది. ఆమె ఇంకా బలహీనంగా ఉండి మెట్ల మీద తూలింది. నర్సు ఒక పక్క, నేను నా ఎడమ చేత్తో ఒక పక్క పట్టుకోబోయాము.

"ఎవ్వరూ ముట్టొద్దు!" అని భర్త అరిచాడు. వరండాలో ఉన్నవారందరూ తిరిగి చూశారు.

ఎవ్వరూ ముట్టలేదు. అతడొక్కడే ఆమెను రెండు చేతులా ఎత్తుకొని మూడు మెట్లూ దిగాడు.